వెన్నుపూసలో మచ్చ: అనుమానానికీ నిర్ధారణకూ నడుమ

నడుము నొప్పి ఎరుగని ఇల్లు మన పల్లెల్లో అరుదు. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ డివిజన్‌లోని సిర్గాపూర్ మండలాన్నే తీసుకుందాం. పత్తి ఏరే స్త్రీలు, కంది, సోయా కోతలకు వంగి వంగి పనిచేసే కూలీలు, చెరకు నరకడానికి కుటుంబాలతో వలసపోయి వచ్చేవారు, బస్తాలు మోసే హమాలీలు ఈ నొప్పిని బ్రతుకులో ఒక భాగంగానే భరిస్తూ ఉంటారు. ఇలాంటి నొప్పుల్లో అత్యధిక భాగం కండరాలకు, కీళ్ళకు, డిస్కులకు సంబంధించినవే. విశ్రాంతితోనూ సాధారణ వైద్యంతోనూ కొన్ని వారాలలో అవి తగ్గిపోతాయి.

కొందరి విషయంలో నొప్పి తగ్గదు. పట్టణానికి వెళ్ళి ఎం.ఆర్.ఐ. తీయిస్తారు. నివేదికలో ‘లీజన్’ అనే ఒక్క మాట కనబడుతుంది. ఆ క్షణం నుంచి ఆ ఇంటి స్థితే మారిపోతుంది. ఒకరు ‘గడ్డ’ అంటారు, మరొకరు గొంతు తగ్గించి ‘క్యాన్సర్’ అంటారు. కొన్ని ఇళ్ళలో ఏమీ తేలకముందే పొలం బేరానికి వస్తుంది. మరికొన్ని ఇళ్ళలో భయంతో ఆ ఫైలును బీరువాలో దాచి, మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కరు. ఈ రెండు దారులూ నష్టానికే తీస్తాయి. అందుకే ఈ నెల ఈ శీర్షికలో, వెన్నులో కనబడే మచ్చలలో నిరపాయకరమైనవాటిని, ప్రాణాంతకమైనవాటిని ఎం.ఆర్.ఐ. ఎలా వేరుపరుస్తుందో, ఎక్కడ అది వేరుపరచలేదో వివరించదలచాము.

అధిక అనుమానాలకు దూరంగా ఉండాలని దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ హుజురాత్ అధ్యాయం విశ్వాసులకు బోధిస్తున్నది. ఆ బోధ తోటి మనుషుల పట్ల దురనుమానాన్ని గురించినదే. అయినా రుజువు లేని సంగతిని నిజమని పట్టుకోరాదన్న ఆ శిక్షణ రోగం వచ్చిన ఇంట్లో కూడా ఎంతో అవసరమని మేము భావిస్తున్నాము.

ఆ మాటకు అర్థమేమిటి?

‘లీజన్’ అనేది ఒక రోగం పేరు కాదు. చుట్టూ ఉన్న భాగానికి భిన్నంగా కనబడే చోటు అని మాత్రమే దాని అర్థం. పాత దెబ్బ గుర్తు, కొవ్వు పేరుకున్న చోటు, రక్తనాళాల ముద్ద, చీము, క్షయ, క్యాన్సర్ వీటన్నిటికీ ఆ మాటనే వాడతారు. నివేదిక రాసే రేడియాలజిస్టు తాను చూసినదాన్ని వర్ణిస్తాడు. చాలాసార్లు రెండు మూడు అవకాశాలను వరుసగా పేర్కొంటాడు. ఆ వరుసలో అన్నిటికంటె భయంకరమైన మాటను పట్టుకొని మిగిలినవాటిని విడిచిపెట్టడం మన పొరపాటు.

యంత్రం చూసేది ఏమిటి?

ఎక్స్‌రేలోనూ సీటీ స్కాన్‌లోనూ వాడే కిరణాలు ఎం.ఆర్.ఐ.లో ఉండవు. అది అయస్కాంత శక్తితో పనిచేస్తుంది. సాధారణంగా వాడే 1.5 టెస్లా యంత్రంలోని అయస్కాంత బలం భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు. మన శరీరంలోని నీటిలోనూ కొవ్వులోనూ ఉన్న హైడ్రోజన్ పరమాణు కేంద్రకాలు ఆ బలానికి లోబడి ఒక క్రమంలో సర్దుకుంటాయి. రేడియో తరంగాలతో వాటిని కదిలించినప్పుడు, అవి తిరిగి యథాస్థితికి వస్తూ సంకేతాలను వెలువరిస్తాయి. ఆ సంకేతాలే చిత్రాలవుతాయి.

క్యాన్సర్‌ను మామూలు కణజాలం నుంచి వేరుపరచాలన్న ప్రశ్న ఈ యంత్రం పుట్టుకలోనే ఉన్నది. 1971లో రేమండ్ డమాడియన్ అనే అమెరికన్ వైద్యుడు, ఎలుకల కణితుల నుంచి వచ్చే సంకేతాలు ఆరోగ్యకరమైన కణజాలపు సంకేతాలకు భిన్నంగా ఉన్నాయని ప్రకటించాడు. 1973లో పాల్ లాటర్‌బర్ ఆ సంకేతాలను చిత్రంగా మలిచే పద్ధతిని చూపించాడు. పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానిని వేగవంతం చేశాడు. చివరి ఇద్దరికీ 2003లో నోబెల్ బహుమతి లభించింది.

వెన్నుపూస లోపల మూలుగ ఉంటుంది. బాల్యంలో అది రక్తాన్ని తయారుచేసే ఎర్ర మూలుగ. వయసు పెరిగినకొద్దీ అందులో కొవ్వు భాగం పెరుగుతుంది. ‘టీ1’ అనే రకం చిత్రంలో కొవ్వు తెల్లగాను, నీరు నల్లగాను కనబడతాయి. కాబట్టి పెద్దవారిలో ఆరోగ్యకరమైన వెన్నుపూస, పక్కనున్న డిస్కు కంటె తెల్లగా ఉండాలి. క్యాన్సర్ కణాలు మూలుగలోకి చొరబడితే, కలుపు మొక్కలు పైరును తోసివేసినట్లు కొవ్వును తోసివేసి ఆ చోటును ఆక్రమిస్తాయి. అప్పుడు ఆ భాగం టీ1 చిత్రంలో డిస్కు కంటె, కండరం కంటె నల్లగా కనబడుతుంది. వైద్యుడు మొట్టమొదట చూసేది ఈ తేడానే. ఆ మచ్చలో కొవ్వు మిగిలి ఉన్నదా లేదా అన్నదే ప్రధాన ప్రశ్న. కొవ్వు ఉన్నదంటే ఊరట, లేదంటే అనుమానం.

నిరపాయకరమైన మచ్చలు

వెన్నులో అతి తరచుగా కనబడేది హీమాంజియోమా. ఇది చిన్న రక్తనాళాలు, కొవ్వు కలిసిన ముద్ద. పెద్దవారిలో సుమారు ప్రతి పదిమందిలో ఒకరికి ఇది ఉంటుంది. చాలామందికి అది ఉన్నట్లు జీవితాంతం తెలియదు. టీ1, టీ2 చిత్రాలు రెండింటిలోనూ ఇది తెల్లగా కనబడుతుంది. అలాంటిదానికి సాధారణంగా ఏ చికిత్సా అక్కరలేదు. అరుదుగా కొన్ని హీమాంజియోమాలలో కొవ్వు తక్కువగా ఉండి, పెరిగి నరాలను నొక్కుతాయి. వాటికి మాత్రమే వైద్యం కావాలి.

డిస్కు అరిగినప్పుడు దానికి ఆనుకొని ఉన్న ఎముక అంచులలో రంగు మార్పులు వస్తాయి. 1988లో వీటిని వర్గీకరించిన వైద్యుని పేరుమీద వీటిని ‘మోడిక్ మార్పులు’ అంటారు. డిస్కు పదార్థం ఎముకలోకి చిన్న గుంటగా చొచ్చుకొనిపోతే అది ‘ష్మోర్ల్ నోడ్’. ఎముకలోనే గట్టిపడిన చిన్న చుక్క ‘బోన్ ఐలాండ్’. ఈ పేర్లు నివేదికలో కనబడితే క్యాన్సర్ అని భయపడనవసరం లేదు.

మన స్త్రీలకు సంబంధించిన మరొక సంగతి ఉన్నది. రక్తహీనత ఉన్నవారి శరీరం రక్తం కోసం కొవ్వు మూలుగను తిరిగి ఎర్ర మూలుగగా మార్చుకుంటుంది. దానివల్ల వెన్నుపూసలు కొంత నల్లబడి కనబడతాయి. అయినా అందులో కొంత కొవ్వు మిగిలే ఉంటుంది. దీనిని తేల్చడానికి ‘కెమికల్ షిఫ్ట్’ అనే ప్రత్యేక చిత్రాన్ని తీస్తారు. ఒకేచోట నీరు, కొవ్వు కలిసి ఉంటే ఆ చిత్రంలో రెండింటి సంకేతాలు ఒకదానినొకటి రద్దుచేసుకొని, ప్రకాశం తగ్గుతుంది. సుమారు 20 శాతానికి మించి తగ్గితే ఆ మచ్చ నిరపాయకరమైనదని భావించడానికి బలం చేకూరుతుంది. ఏమీ తగ్గకపోతే కొవ్వు తొలగిపోయిందని అనుమానిస్తారు. ఇందుకు ఇంజెక్షను అక్కరలేదు, పట్టే సమయమూ కొద్ది నిమిషాలే.

విరిగిన పూస: బలహీనత వల్లనా, కణితి వల్లనా?

వయసు మళ్ళిన తల్లి బిందె ఎత్తుతుండగా నడుము పట్టేస్తుంది. స్కాన్‌లో ఒక పూస కుంగి కనబడుతుంది. ఎముకలు గుల్లబారడం వల్ల కుంగిందా, లోపల క్యాన్సర్ తినివేయడం వల్ల కుంగిందా అన్నది వైద్యులకు తరచుగా ఎదురయ్యే కఠిన ప్రశ్న. కొత్తగా విరిగిన ఎముకలో వాపు నీరు నిండుతుంది గనుక మొదటి వారాలలో రెండూ నల్లగానే కనబడవచ్చు.

ఇక్కడ ఆకారం సాయపడుతుంది. గుల్లబారిన ఎముక విరిగితే నలుపు ఒక పట్టీలాగా ఉండి, మిగిలిన పూసలో కొవ్వు తెలుపు నిలిచి ఉంటుంది. వెనుక అంచున ఒక ముక్క కోణంగా పొడుచుకు రావచ్చు. పూస లోపల నీటి గీత కనబడవచ్చు. క్యాన్సర్ వల్ల కుంగితే పూస మొత్తం నల్లబడటం, వెనుక అంచు గుండ్రంగా ఉబ్బడం, పూసకు వెనుకనున్న ‘పెడికిల్’ అనే స్తంభాలకు కూడా వ్యాపించడం, పక్కన గానీ వెన్నుపాము చుట్టూ గానీ మాంసపు ముద్ద కనబడటం, ఇతర పూసలలో కూడా మచ్చలుండటం జరుగుతుంది. ‘డిఫ్యూజన్’ చిత్రం మరికొంత తోడ్పడుతుంది. కణాలు కిక్కిరిసిన కణితిలో నీటి అణువుల కదలికకు అడ్డు ఏర్పడుతుంది, మామూలు వాపులో అవి స్వేచ్ఛగా కదులుతాయి. అయినా సందేహం తీరకపోతే, రోగి పరిస్థితి అనుమతించినప్పుడు రెండు మూడు నెలల తరువాత మళ్ళీ స్కాన్ చేస్తారు. బలహీనతవల్ల విరిగిన పూస అయితే వాపు తగ్గి, తెలుపు క్రమంగా తిరిగి వస్తుంది.

పెద్దవారి వెన్నులో కనబడే క్యాన్సర్లలో ఎక్కువభాగం వెన్నులో పుట్టినవి కావు. రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేట్, మూత్రపిండం, థైరాయిడ్ వంటి చోట్ల పుట్టి ఎముకలకు చేరినవి. మూలుగలోనే పుట్టే మైలోమా మరొకటి. కాబట్టి గతంలో క్యాన్సర్ చికిత్స పొందినవారు ఆ సంగతిని వైద్యుని వద్ద ఎంతమాత్రం దాచరాదు.

మన నేలపై రెండు మారువేషాలు

విదేశీ పుస్తకాలలో తక్కువగానూ మన ఆసుపత్రులలో ఎక్కువగానూ కనబడే కారణం వెన్ను క్షయ. పెర్సివల్ పాట్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు 1779లో దీనిని వర్ణించాడు గనుక ‘పాట్స్ వ్యాధి’ అని కూడా అంటారు. సాధారణంగా క్షయ పక్కపక్కనున్న రెండు పూసలను, వాటి నడుమనున్న డిస్కును కలిపి దెబ్బతీస్తుంది. పక్కన పలుచని గోడ గల చీముగడ్డ ఏర్పడుతుంది. క్యాన్సర్ మాత్రం చాలావరకు డిస్కును వదిలివేసి పూసలనే ఆక్రమిస్తుంది. ఈ ఒక్క తేడా ఎన్నో కుటుంబాలకు ఊరటనిస్తుంది. క్షయ పూర్తిగా నయమయ్యే వ్యాధి. ప్రభుత్వ క్షయ నివారణ కార్యక్రమంలో పరీక్షలు, మందులు ఉచితం. పోషకాహారం కోసం ఇచ్చే సహాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలకు పెంచారు. అయితే క్షయ కూడా కొన్నిసార్లు డిస్కును ముట్టకుండా ఒకే పూసలో ఉండి క్యాన్సర్‌ను తలపిస్తుంది.

రెండవది ఫ్లోరైడ్. తెలుగునాట ఫ్లోరోసిస్ వ్యాధి 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో వైద్యుల దృష్టికి వచ్చింది. నల్గొండ ప్రజల బాధ అందరికీ తెలిసినదే. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీరు తాగినవారి ఎముకలు అతిగా గట్టిపడి ఎం.ఆర్.ఐ.లో నల్లగా కనబడతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు కూడా అలాంటి నలుపే రావచ్చు. అందుచేత ఏ ఊరివారు, ఏ నీరు తాగేవారు అన్న సంగతి కూడా వైద్యునికి చెప్పదగినదే.

చివరి మాట సూదిది

ఎం.ఆర్.ఐ. ఎంత గొప్పదైనా అది నీడలను చూసి చెప్పే సాక్షి. హీమాంజియోమా వంటి స్పష్టమైనవాటిలో దాని మాటే చాలు. అనుమానాస్పదమైనవాటిలో రోగం పేరు ఖాయం చేసేది బయాప్సీ. సీటీ స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో చిన్న ముక్క తీసి, క్యాన్సర్ కోసం, క్షయ క్రిముల కోసం రెండు పరీక్షలకూ పంపిస్తారు. సూది తగిలితే రోగం పాకుతుందన్న భయం మన ఊళ్ళలో బలంగా ఉన్నది. అనుభవజ్ఞులు సూది వెళ్ళే మార్గాన్ని ముందే నిర్ణయించుకొని ఈ పని చేస్తారు. ఆ భయంతో పరీక్ష మానుకొని తప్పుడు మందులు వాడటం వల్ల జరిగే నష్టమే అసలు నష్టం. నిర్ధారణకు ముందు ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు మింగరాదు. అవి కొన్ని రోగాల ఆనవాళ్ళను మరుగుపరచి, కొన్నిటిని ముదరబెడతాయి.

మరొక విషయం గుర్తుంచుకోవాలి. ‘నిరపాయకరం’ అంటే ఎల్లప్పుడూ హానిలేనిదని కాదు. వెన్నుపాము పక్కన పుట్టే మెనింజియోమా, ష్వానోమా వంటి కణితులు చాలావరకు క్యాన్సర్లు కావు. అయినా నెమ్మదిగా పెరిగి కాళ్ళను చచ్చుబడజేయగలవు. అలాగే ‘క్యాన్సర్’ అంటే ఎల్లప్పుడూ ఆశలేనిదని కాదు. మందులు, రేడియేషన్, శస్త్రచికిత్సలతో ఎందరో నొప్పి తగ్గి, లేచి నడుస్తున్నారు.

ఆలస్యం చేయరాని సూచనలు

రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని జ్వరం, 50 ఏళ్ళు దాటాక మొదటిసారి వచ్చిన తీవ్రమైన నొప్పి, గతంలో క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏది ఉన్నా వైద్యుని చూడాలి. కాళ్ళలో బలం తగ్గడం, తొడల నడుమ స్పర్శ పోవడం, మూత్రం బిగబట్టడం లేదా తెలియకుండా పోవడం కనబడితే అది అత్యవసర స్థితి. వెన్నుపాము నలుగుతున్నదని దాని అర్థం. అటువంటప్పుడు తెల్లవారేదాకా ఆగక 108కి ఫోన్ చేయాలి. నడవగలుగుతుండగానే చికిత్స మొదలైనవారికి నడక నిలిచే అవకాశం ఎక్కువ. కాళ్ళు పూర్తిగా పడిపోయాక అది చాలా తగ్గుతుంది.

హిజామా ప్రవక్త (సఅసం) సంప్రదాయంలో ఉన్నదే. దానిని మేము కాదనడం లేదు. కాని పై సూచనలు ఉన్నవారు హిజామా, మర్దన, నాటు కట్లు వీటితో వారాలు గడపడం తగదు. వైద్యం చేయించుకోవాలని బోధించినది కూడా ఆ మహనీయులే. వీపును బలంగా తొక్కించడం గుల్లబారిన పూసకు ప్రమాదం.

స్కాన్‌కు వెళ్ళేవారికి

లోహపు వస్తువు ఏదీ ఆ గదిలోకి పోరాదు. నగలు, గడియారం, సెల్‌ఫోన్‌తోపాటు మన ఇళ్ళలో మరచిపోయేవి మూడున్నాయి: హిజాబ్ పిన్నులు, అయస్కాంతపు హిజాబ్ క్లిప్పులు, రాగి లేదా వెండి గొట్టంలోని తాయెత్తు. జరీ ఉన్న దుస్తులు ధరించరాదు. నూలు దుస్తులు, నూలు ఓణీ శ్రేయస్కరం. గుండెలో పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో యంత్రం, కంటిలో ఇనుప రజను ఉన్నవారు ముందే చెప్పాలి. గర్భిణులు కూడా ఆ సంగతి తెలియజేయాలి. రంగుమందు ఇంజెక్షను అవసరమైతే మూత్రపిండాల పరీక్ష చూపించాలి. యంత్రం పెద్ద చప్పుడు చేస్తుంది, నొప్పి మాత్రం ఉండదు. అరగంట దాకా కదలకుండా ఉండాలి. మహిళా సిబ్బంది కావాలని అడగడంలో సంకోచం వద్దు. వారు దొరకనప్పుడు అవసరమైన మేరకు పురుష వైద్యుని సేవ పొందడానికి ధర్మవేత్తలు అనుమతించారు. ఆ కారణంతో స్త్రీల పరీక్షను నెలల తరబడి వాయిదా వేయడం వారిపట్ల అన్యాయం.

రమజాన్‌లో స్కాన్ పడితే ఏమి చేయాలి? చిత్రాలు తీయడంవల్ల రోజాకు భంగం లేదు. పోషక ద్రవాలు కాని ఇంజెక్షన్లతో రోజా భంగం కాదని 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. రోగం బాధిస్తుంటే రోజాలను వేరే దినాలకు మార్చుకునే వెసులుబాటును అల్ బఖరా అధ్యాయంలోని 184, 185 ఆయతులు ఇస్తున్నాయి. నడుము వంగనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని నమాజు చేయవచ్చు. నొప్పిని దిగమింగి సజ్దా చేయడమే భక్తి అని పెద్దలను బలవంతపెట్టరాదు.

ఎక్కడికి వెళ్ళాలి?

సిర్గాపూర్ నుంచి హైదరాబాదు వంద కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఆ ప్రయాణం ఒక దినం కూలిని, ఒక తోడు మనిషిని, చార్జీలను కోరుతుంది. కాబట్టి ఒక్క ప్రయాణమూ వృథా కాకుండా చూసుకోవాలి. నివేదిక కాగితంతోపాటు చిత్రాల ఫిల్ములు, సీడీ అడిగి తీసుకోవాలి. పాత ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు ఒకే సంచిలో ఉంచాలి. వైద్యుని నాలుగు ప్రశ్నలు అడగాలి: ఈ మచ్చలో కొవ్వు ఉన్నదా? డిస్కు చెడిందా? నరాలపై ఒత్తిడి ఉన్నదా? బయాప్సీ కావాలా, లేక కొంతకాలం తరువాత మళ్ళీ చూస్తే చాలునా?

పంజాగుట్టలోని నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థలలో వెన్ను వైద్యులు ఉన్నారు. క్యాన్సర్ అని తేలినవారికి రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. 1955లో ఆరంభమైన ఆ సంస్థ మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద నడుస్తున్నది. హైదరాబాదు రాష్ట్ర మంత్రిగా పనిచేసిన ఆయన 1960లో గుజరాత్‌కు తొలి గవర్నరయ్యారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. పొలం అమ్మకానికి పెట్టేముందు ఆ ఆసుపత్రుల ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర విచారించాలి.

మస్జిదు కమిటీలకు, కలిగిన కుటుంబాలకు మా మనవి ఒకటున్నది. జకాత్‌కు అర్హుడైన పేద రోగికి ఇచ్చే సొమ్ము స్కాన్ ఖర్చుగానో, తోడు వెళ్ళేవారి చార్జీగానో చేరితే ఒక ఇల్లు అనుమానంలో మగ్గకుండా నిర్ధారణకు చేరుతుంది. పరామర్శకు వెళ్ళినప్పుడు మనకు తెలిసిన మరణాల కథలు అక్కడ చెప్పకుండా ఉండటం కూడా ఒక సేవే.

చివరగా, రోగికి నిజం చెప్పాలా వద్దా అన్న విషయం. భయపడతారని దాచడం ప్రేమతో చేసే పనే. అయితే శరీరం ఆ మనిషి వద్ద ఉన్న అమానతు. అప్పులు తీర్చుకోవడం, వసీయతు రాసుకోవడం, చికిత్సకు సమ్మతించడం లేదా కాదనడం ఆ మనిషి హక్కులు. నిర్ధారణ కానిదాన్ని చెప్పి భయపెట్టవద్దు, నిర్ధారణ అయినదాన్ని దాచి హక్కు హరించవద్దు. మెల్లగా, దగ్గర కూర్చొని, వైద్యుని సమక్షంలో చెప్పడం ఉత్తమం. ప్రయత్నం మన బాధ్యత, స్వస్థత అల్లాహ్ చేతిలోనిది. రోగులందరికీ ఆయన ఆరోగ్యాన్ని, వారి ఇంటివారికి ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.